వెచ్చాల పుస్తకం

చీరాల నుంచి వాడరేవు ఆరేడు కిలోమీటర్లు. ఆ దారి మొదట్లో, పేరాల వైపు, మా ఇల్లు. ఒక పక్క మగ్గాల ఇళ్ళు, ఇంకో పక్క మా నాన్నలాంటి చిన్న జీతగాళ్ళు, దారి చివర సముద్రం మీద బతికే పల్లె. 1970ల్లో మా వీధిలో ఎవరింట్లో ఏం వండుకుంటున్నారో తెలియాలంటే వంటింట్లోకి తొంగి చూడక్కర్లేదు. ఆ ఇంటికి డబ్బు ఎప్పుడొస్తుందో తెలిస్తే చాలు. నాన్నకు నెలకోసారి జీతం. నేతగాళ్ళకు వారానికోసారి మజూరీ. పల్లెవాళ్ళకు ఏ రోజు వేట ఆ రోజు కూడు. నెల, వారం, రోజు: ఈ మూడు రకాల వంటిళ్ళ మధ్య పెరిగాను. ఇప్పుడు ఆ మూడూ దాదాపు లేనట్టే. వాటిని తలుచుకుని ‘ఆ రుచులే వేరు’ అనేవాళ్ళు నా ఈడువాళ్ళలో చాలామంది ఉన్నారు. నాకూ అనాలనే ఉంటుంది. కానీ ఆ రుచుల ఖర్చు ఎవరి పద్దులో పడిందో కూడా చెప్పుకోవాలి.

అమ్మ దగ్గర ఒక పుస్తకం ఉండేది. సన్నగా పొడుగ్గా, ఎర్ర గుడ్డ అట్టతో, నడుమ దారం కుట్టుతో. అట్ట నాలుగు మూలలా పసుపు. అది వెచ్చాల పుస్తకం. దాని జోడీ శెట్టిగారి కొట్టులో ఉండేది. తెచ్చుకున్న ప్రతి సరుకూ రెండింట్లోనూ ఎక్కాలి. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, వేరుశనగ నూనె, బెల్లం, ధనియాలు, బట్టల సబ్బు, అగ్గిపెట్టెలు. ఎడమ పక్క పేరు, నడుమ తూకం, కుడి పక్క రూపాయలు, పైసలు. జీతం అందిన సాయంత్రం నాన్న వెళ్ళి బాకీ కట్టేవారు. శెట్టిగారు ‘చెల్లు’ అని రాసి అడ్డంగా గీత కొట్టేవారు. ఆ గీత కిందే కొత్త నెల మొదలు. జీతమంతా అప్పటికే తినేసిన తిండికి పోయేది. తినబోయే తిండి రాబోయే జీతం మీద.

కొట్టులో కిలోలు వచ్చి చాలా ఏళ్ళయినా అమ్మ లెక్క కొలతల్లోనే నడిచేది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఆరుగురం తినే ఇంట్లో పూటకు మానికెడు బియ్యం, అరసోలెడు కందిపప్పు. ఇరవయ్యో తారీఖు దాటాక ఆ పప్పు గిద్దకు దిగేది. పప్పు గిద్దకు దిగిందంటే నెల ముసలిదయిందని పిల్లలమైన మాకూ తెలిసిపోయేది. కళ్ళంలో ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. అమ్మ కూడా డబ్బాలోంచి బియ్యం తీసేటప్పుడు ‘లాభం’ అనే మొదలుపెట్టేది. నెలాఖరున డబ్బా అడుగు గీకుతూ కూడా అలాగే అనేది. ఆ లాభం ఎవరికో నాకు బోధపడేది కాదు.

పుస్తకం విలువ మాకు బాగా తెలిసింది జై ఆంధ్ర ఉద్యమం రోజుల్లో. 1972 డిసెంబరులో ఎన్జీవోలు, వాళ్ళతోపాటు నాన్నలాంటి పంతుళ్ళు సమ్మెకు దిగారు. బళ్ళు మూతబడ్డాయి. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది కానీ మా ఇంటికి జీతం రాలేదు. శెట్టిగారి కలం గీత కొట్టడం మానేసింది. పుట వెనక పుట నిండింది. నాన్న మొహమాటపడుతూ కొట్టు ముందు నిలబడితే ఆయన, “ఉద్యోగం ఎక్కడికీ పోదుగా మేష్టారూ, రాసుకుంటా” అన్నారట. ఆ నెలల్లో అమ్మ కందిపప్పు తగ్గించి పెసరపప్పు తెప్పించింది, కాఫీపొడి మానిపించింది, నూనె కొలవడం గిద్ద నుంచి చెంచాకు మార్చింది. సమ్మె ముగిశాక ఆ బాకీ తీరడానికి ఏడాది పైనే పట్టింది. అరువు సరుక్కి ధర ఒక పిసరు ఎక్కువ పడుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆకలి వేళ నమ్మకం కూడా ఒక సరుకే, దానికీ ధర ఉంటుంది.

అయితే “రాసుకుంటా” అన్న మాట శెట్టిగారు అందరితోనూ అనేవారు కాదు. మా పక్కింట్లో గుంటమగ్గం. ఆ ఇంటావిడను మేం పిన్నీ అనేవాళ్ళం. వాళ్ళాయన నేస్తే ఆవిడ కండెలు చుట్టేది, పడుగు సర్దేది, గంజి పట్టించేది. మజూరీ మాత్రం ఆయన పేరు మీదే, వారానికోసారి. నెల జీతం లేని ఇంటికి పుస్తకం ఇవ్వరు. అందుకని పిన్ని సరుకు పొట్లాల్లో వచ్చేది: పావలా కందిపప్పు, పది పైసల చింతపండు, సీసా అడుగున రెండంగుళాల నూనె. పొట్లంలో ధర ఎప్పుడూ ప్రియమే. కిలో లెక్కన చూస్తే మా కంటే పిన్నే ఖరీదైన పప్పు వండినట్టు. ముసురు పడితే గుంటలోకి నీళ్ళూరేవి. మగ్గం ఆగేది. మగ్గం ఆగితే పొట్లం ఆగేది.

అప్పట్లో అన్నం వార్చేవాళ్ళం. వార్చిన గంజి మా ఇంట్లో చొక్కాలకు పెట్టగా మిగిలేది. పిన్ని కొడుకు చిన్న బిందె పట్టుకొచ్చి తీసుకెళ్ళేవాడు. అందులో కొంత పడుగుకు పోయేది, కొంత ఉప్పేసుకుని పిల్లలు తాగేవాళ్ళు. బదులుగా పిన్ని తోటకూర కట్టో, కమ్మి గుడ్డ ముక్కో పంపేది. దానం, ధర్మం అని ఎవరూ అనుకోలేదు. ఇటు గిన్నె ఖాళీగా వచ్చిందంటే అటు ఖాళీగా పోకూడదు, అంతే.

రోజు వేట వంటిల్లు మా గుమ్మం ముందుకే నడిచి వచ్చేది, తట్ట నెత్తిన పెట్టుకుని. వాడరేవులో పడవలు దిగాక చేపల తట్టలు ఎండ ముదిరేలోపు మా వీధికి చేరాలి. వాసనని బస్సెక్కించుకునేవాళ్ళు కాదు కాబట్టి నడకే.

“ఏమమ్మో, నెత్తళ్ళుండయ్. దించేదా?”

“ఎంతకిస్తావ్?”

“ముందు దించనియ్యి తల్లీ, మెడ ఇరుగుతా ఉంది. బోణీ బేరం.”

తట్టకు అమ్మ ఓ చెయ్యి పట్టిందంటే సగం కొన్నట్టే. అందుకే ధర తేలేదాకా అమ్మ గడప దిగేది కాదు. చిల్లర లేని రోజు మానికెడు నూకలకు, ఇంకా లేని రోజు పాత చీరకు బేరం కుదిరేది. లెక్క తెగాక గుప్పెడు కొసరు పడాలి. కొసరు పడకపోతే బేరం పూర్తయినట్టు కాదు. వంజరం, చందువా మా వీధికి రావడం అరుదు. వలకూ పడవకూ అప్పిచ్చిన వ్యాపారి ఒడ్డునే మంచి చేప ఏరుకునేవాడు. మిగిలింది తట్టలోకి. తట్టలో అమ్ముడుపోనిది తట్ట మోసినావిడ పొయ్యి మీదికి. అదీ మిగిలితే ఉప్పేసి ఇసక మీద ఎండలోకి. మాకు దక్కేవి నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు. రొయ్యలు కూడా అప్పట్లో మాబోటివాళ్ళకు అందుబాటులోనే ఉండేవి. విదేశాలకు ఎగుమతి ఊపందుకుని ఐసు పెట్టెలు ఒడ్డుకు వచ్చాక రొయ్య మా వీధి దారి మరిచిపోయింది.

సోలెడు నెత్తళ్ళతో ఆరుగురికి రెండు పూటలు గడపడం ఎలాగో చెప్తాను. తలలు గిల్లి, కళ్ళుప్పు వేసి బండ మీద రుద్ది, నీళ్ళు తేటపడేదాకా కడగాలి. మట్టిదాకలో నూనె తక్కువ పోసి ఉల్లిపాయ ఎక్కువ వేయాలి. ఉల్లిపాయ చవక, పైగా పులుసుకు చిక్కదనం అదే ఇస్తుంది. వేసవైతే పుల్ల మామిడికాయ చెక్కతో సహా ముక్కలు కోసి వేసేది అమ్మ. చింతపండు ఆ మేరకు మిగులు. మామిడికాయ లేని నెలల్లో నాలుగు వంకాయలు. కారం, పసుపు, ఉప్పు పడి ముక్క ఉడికాక చేప ఆఖర్న వేయాలి. ఆ తర్వాత గరిటె పెట్టకూడదు, దాకనే రెండు చేతులా పట్టి తిప్పాలి. గరిటె తగిలితే నెత్తళ్ళు చెదిరి ఎవరి వాటా ఎంతో తెలియకుండా పోతుంది. మధ్యాహ్నం ముక్క, రాత్రికి పులుసు, దాక అడుగున మిగిలింది తెల్లారి చద్దన్నంలోకి. నన్నడిగితే ఆ మూడో పూటే అసలు రుచి.

ఏడాది బండి నడిచింది మాత్రం వేసవి మీద. మిరపకాయలు గుంటూరు నుంచి, పసుపు కొమ్ములు దుగ్గిరాల నుంచి, ఉప్పు చినగంజాం కొటార్ల నుంచి వచ్చేవి. తెనాలి, రేపల్లె మాగాణుల్లో వరి కోతకు ముందు ఆ తడిలోనే చల్లే మినుము, మా మేనమామ ఊరి నుంచి గోతంలో దిగేది. ఎవరు ఏ బండిలో వస్తున్నా ఖాళీ చేతులతో వచ్చేవాళ్ళు కాదు. ఆవకాయ, మాగాయ, పిండి వడియాలు, మజ్జిగ మిరపకాయలు, జాడీ నిండా చింతపండు, డబ్బా నిండా ఎండు నెత్తళ్ళు. వానల్లో పడవలు దిగని రోజు, కొట్టుకు పోవడానికి మొహం చెల్లని రోజు, ఈ జాడీలే దిక్కు. చింతచిగురులో ఎండు రొయ్యలు వేసి వండిన రోజు వీధి వీధంతా తెలిసిపోయేది. వేటపాలెం జీడిపప్పుకు దేశమంతా పేరు. పక్కనే ఉన్న మా ఇంటికి అది వచ్చింది సంక్రాంతి పాయసంలో విరిగిన పలుకులుగానే.

మిగతాదంతా పారేయకపోవడంలో ఉంది. ఉడికిన పప్పు మీది తేట కట్టుగా తీస్తే చారు, కింది పప్పులో దోసకాయ పడితే కూర. బీరకాయ పొట్టు పచ్చడికి, అరటి దూట పెరుగులోకి, బియ్యం జల్లించిన నూకలు ఉప్మాకు, కడుగు నీళ్ళు గేదె ఉన్నవాళ్ళింటి కుడితికి. గానుగ దగ్గర్నుంచి తెచ్చిన తెలగపిండి ఉల్లిపాయలతో వేగితే కూర లేని లోటు తీరేది. పొయ్యిలోకి సరుగుడు పుల్లలు, అవి లేకపోతే రంపంపొట్టు దట్టించిన పొట్టుపొయ్యి. ఒక్కసారి అంటుకుంటే అన్నం, పప్పు, నీళ్ళకాగు అన్నీ దాని మీదే అయిపోవాలి. అందుకే ఏది ముందు ఎక్కాలి, ఏది వెనక దిగాలి అన్నది అమ్మ పొయ్యి వెలిగించక ముందే ఆలోచించుకునేది.

ఇంత దాకా చెబితే ఎవరైనా ‘ఎంత పొదుపు, ఎంత నేర్పు’ అంటారు. నిజమే. కానీ లెక్క ఇంకా పూర్తి కాలేదు.

మా ఇంట్లో ముందు నాన్నకు పీట వేసేవాళ్ళు. తర్వాత నాయనమ్మకు, పిల్లలకు. అన్నయ్యకు చేప ముక్క ఒకటి ఎక్కువ పడితే అక్క, నేను గొణిగేవాళ్ళం కానీ అడిగేవాళ్ళం కాదు. అందరి తిళ్ళూ అయ్యాక అమ్మ దాక ముందేసుకుని కూర్చునేది. పళ్ళెం పెట్టుకోవడం ఎప్పుడో గానీ లేదు. దాకలోనే ఇంత అన్నం వేసి అంచుకు పట్టిన పులుసు తుడుచుకుని తినేది. ముక్క ఉంటే ఉన్నట్టు, లేకపోతే ఆవకాయ. ఎప్పుడైనా అడిగితే ముళ్ళు నాకు పడవు అనేది. పాలు పడవు, కడుపుబ్బరం. గుడ్డు పడదు, నీచు. పప్పు పడదు, వాతం. పెద్దయ్యాక ఆ పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఒక సంగతి కంటబడింది. అమ్మకు పడనివాటి జాబితా, ఆ ఏడు ధర పెరిగినవాటి జాబితా ఒకటే. పిల్లలందరం ఉద్యోగాల్లో కుదురుకున్నాక అమ్మకు అన్నీ పడ్డాయి. వంజరం ముక్క ముల్లు తీసుకుని ఎంత నిదానంగా తినేదో చూశాను.

పిన్ని ఇంట్లోనూ అంతే. తట్ట మోసుకొచ్చిన ఆవిడ ఇంట్లోనూ అంతే. ఆవిడ వేకువన లేచి పోనూ రానూ పన్నెండు కిలోమీటర్ల పైనే తిరిగి, ఇంటికెళ్ళి వండి, మగవాళ్ళు తిన్నాక తినేది. నెల జీతం, వారం మజూరీ, రోజు వేట అని మూడు వంటిళ్ళూ వేరు వేరుగా నడిచినా, లెక్క తప్పిన చోట మూడింట్లోనూ ఒకే మనిషి పళ్ళెంలోంచి కోత పడింది. మగవాడి సిగరెట్టుకు, శెట్టిగారి బాకీకి పుస్తకంలో పద్దు ఉంది. అమ్మ మానేసిన ముద్దకు పద్దు లేదు. మేం పొదుపు అని పొగిడింది చాలామట్టుకు ఆ రాయని పద్దునే.

తర్వాత కాలం మారింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. పిన్ని ఇంట్లో మొదటిసారి బియ్యం డబ్బా నిండుగా కనిపించింది. ఆ తర్వాత మా గంజి ఆ ఇంట్లో పడుగుకే పోయింది, పిల్లల కడుపుకు పోలేదు. ఆ పథకాన్ని ఎన్ని రకాలుగా విమర్శించినా ఈ ఒక్క ముక్క నేను మరిచిపోను. రేషన్ షాపులో పామాయిల్ వచ్చాక సీసాలో రెండంగుళాల నూనె నాలుగయింది. 1986లో బాపట్ల వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి బీపీటీ 5204 విడుదలైంది. దేశమంతా సాంబ మసూరి అని కొనే ఆ సన్నబియ్యం పేరులోని మూడు ఇంగ్లీషు అక్షరాలు మా బాపట్లవే. సన్నబియ్యం అన్నానికి, రేషన్ బియ్యం ఇడ్లీలకు అని ఇళ్ళల్లో కొత్త పంపకం మొదలైంది. 1999లో దీపం పథకం కింద గ్యాసు కనెక్షన్లు వచ్చాయి, పొట్టుపొయ్యిలు పెరట్లోకి, అక్కణ్ణించి పెంటకుప్ప మీదికి పోయాయి. అన్నం కుక్కర్లోకి ఎక్కాక గంజి అనేదే లేకుండా పోయింది.

ఇప్పుడు వాడరేవు బాపట్ల జిల్లాలో ఉంది. ఒడ్డున రిసార్టులు, శని ఆదివారాలు కార్ల బారులు. మంచి చేప ఐసులో కూర్చుని చెన్నై పోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే మనిషి ఎప్పుడో గానీ కనబడదు, మోటారుసైకిలు వెనక పెట్టె కట్టుకుని కుర్రాళ్ళు వస్తారు. శెట్టిగారి మనవడి కొట్టులో పుస్తకం లేదు, ఫోనుకు చూపించే గళ్ళ బొమ్మ అట్ట ఉంది. డబ్బు అప్పటికప్పుడే పోతుంది. జీతం రాని నెల “రాసుకుంటా” అనే మనిషి కూడా దాంతోనే పోయాడు. ఆ పని ఇప్పుడు క్రెడిట్ కార్డు చేస్తుంది, వడ్డీ మాత్రం మొహమాటం లేకుండా వేస్తుంది.

ఇల్లు ఎంత బీదదైతే దాని ఖర్చులో తిండి వాటా అంత పెద్దదని ఎర్న్‌స్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లోనే తేల్చాడు. మన దేశంలో 1999-2000లో పల్లెటూరి ఇంటి ఖర్చులో తిండి వాటా 59 శాతం. 2022-23 సర్వే నాటికి అది 46 శాతానికి దిగింది, పట్నాల్లో 39కి. ఈ లెక్కన చూస్తే మన వంటిళ్ళు తెరిపిన పడ్డట్టే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇంకో అంకె కూడా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. రక్తహీనతకు కారణాలు చాలా ఉంటాయని డాక్టర్లు చెబుతారు, ఒప్పుకుంటాను. ఆఖర్న తినడం, మిగిలింది తినడం వాటిలో ఒకటి కాదంటే మాత్రం ఒప్పుకోలేను.

ఆ కాలం మళ్ళీ రావాలని నాకు లేదు. బీరపొట్టు పచ్చడి, మామిడికాయ నెత్తళ్ళ పులుసు, ఇటు గిన్నె ఖాళీగా పంపకపోవడం, ఈ మూడూ దాచుకోదగ్గవి, పిల్లలకు నేర్పదగ్గవి. ఆఖరి పంక్తి ఒకరికే కేటాయించడం మాత్రం అక్కడితో పోవాలి. ఇంటి ఖర్చు మీరు కాగితం మీద రాసుకున్నా, ఫోనులో రాసుకున్నా, వచ్చే నెల నుంచి ఒక పని చేయండి. వండే మనిషి పేరున రోజుకో గుడ్డు, గ్లాసెడు పాలు వేరే పద్దు రాయండి. ధరలు పెరిగి ఏదో ఒకటి కొట్టేయాల్సి వస్తే ఆ పద్దును అన్నిటికంటే ఆఖర్న ముట్టుకోండి.